గొర్రెలు లేని రోజు

నా చెల్లెలు కూతుర్ని వెంటబెట్టుకుని నా గుమ్మం ఎక్కిన రోజు దాని నోట్లో ముందు పళ్లు రెండు లేవు. రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, “మెట్ల మీంచి పడ్డానక్కా” అంది. వాళ్ల ఇంటికి మెట్లే లేవు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కానీ, పక్కన బడిసంచీని గుండెలకి హత్తుకుని నిలబడ్డ పిల్లని చూసి మింగేశాను. ఎనిమిదేళ్ల పిల్ల. సొంత పెద్దమ్మ ఇంటికి వచ్చి కూడా, ఎటు నుంచి ఎవరొస్తారో అన్నట్టు గోడకి వీపు ఆనించి నిలబడింది. ఆ క్షణమే తేల్చుకున్నాను, ఈ పిల్ల ఇక నా దగ్గరే ఉంటుందని. కాదన్నవాడి సంగతి నేను చూసుకుంటాను.

నాది మాంసం కొట్టు. నాన్న నుంచి వచ్చింది. కత్తి, మొద్దు, ముక్కు మీది కోపం, మూడూ ఆయనిచ్చినవే. పెళ్లి చేసుకోలేదు. ఒకరిద్దరికి ఆ ఆలోచన వచ్చింది గానీ, నేను పొట్టేలు పుర్రెని ఒక్క వేటుకి రెండు చెక్కలు చెయ్యడం చూశాక వాళ్లకి వేరే పనులు గుర్తొచ్చాయి. ముందు కొట్టు, పైన రెండు గదులు, వెనక పెరడు. పెరట్లోంచి కొట్టులోకి ఒక సన్నటి సందు ఉంది, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అంటుకోవాలి. ఆ సందు మధ్యలో ఎడమ చేతి వైపున కోత గది. వారానికి రెండు రోజులు సంతకి వెళ్లి గొర్రెల్ని తెస్తాను. అవి పెరట్లో దిగుతాయి, సందులోంచి ఒక్కొక్కటే కోత గదిలోకి వెళ్తాయి, మాంసమై కొట్టులోకి వస్తాయి.

మరిది గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డరు. చేతులు బండలు. మా పెరటి గేటు కూడా వాడు చేసిందే, పెళ్లైన కొత్తలో, నాకు కానుకగా. పని తెలిసినవాడే, కాదనను. కొట్టిన ప్రతిసారీ ఏడుస్తాడట. కొట్టడం పది నిమిషాలు, ఏడవడం గంట. ఆ ఏడుపు చూసి మా చెల్లెలు పదేళ్లు కరిగింది. దానికి నోట్లో నాలుక లేదు. ఇప్పుడు పళ్లు కూడా లేవు.

నాలుగో రోజున వాడు కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. నలుగురు కొనేవాళ్లున్నారు. “వదినా, నా కూతుర్ని పంపించండి. దాని తల్లి ఎక్కడ చస్తే నాకేం, పిల్ల నాది” అన్నాడు. త్రాసులోంచి రెండు కిలోల రాయి తీసి విసిరాను. భుజానికి తగిలింది. తలకి తగలాలని విసిరాను, నిజం చెబుతున్నాను. వాడు భుజం పట్టుకుని, కళ్లల్లో నీళ్లతో, “పిల్లని తీసుకెళ్లకుండా ఆగను” అని వెళ్లాడు. కొనేవాళ్లలో ఒకామె రాయి తెచ్చి త్రాసులో పెట్టి, అరకిలో ఎముకల్లేకుండా ఇమ్మంది.

అందుకే కుక్క కావాలనుకున్నాను. నేను సంతకి పోయిన రోజుల్లో ఇంట్లో ఆ ఇద్దరే ఉంటారు.

కుక్కల్ని పెంచి అమ్మే ఒకావిడ ఊరి చివర ఉండేది. కుక్కలతో మాట్లాడి మాట్లాడి మనుషులతో మాట్లాడటం తగ్గిపోయిన మనిషి. ముగ్గురం వెళ్లాం. నా కళ్లు నేరుగా మూల కటకటాల వెనక ఉన్నదాని మీద పడ్డాయి. దూడంత ఉంది. మెడ నా నడుమంత. నన్ను చూసి గుర్రుమంటే నాకు ప్రాణం లేచొచ్చింది. “ఇదే” అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే పిల్ల లేదు. చెల్లెలి చీర వెనక దూరింది, ఒక్క కన్ను కూడా బయటికి కనబడకుండా.

“అక్కా, వద్దు” అంది చెల్లెలు. “ఇంట్లో ఇంకోడి గర్జింపు అది వినలేదు.”

“వాడు వస్తే ఎవరు కరుస్తారే? నువ్వా?”

నేను ఒంటికాలి మీద లేస్తుంటే ఆ కుక్కలావిడ పట్టించుకోకుండా ఇంకో తడిక తలుపు తీసింది. జానెడు ఎత్తున్న కుక్కపిల్లలు ఐదారు బయటికి దొర్లాయి. పొట్టి కాళ్లు, పెద్ద చెవులు, నక్క మొహం, తోకలేని గుండ్రటి వెనకభాగం. కోర్గీలట. అన్నీ తిండిగిన్నె మీద పడ్డాయి గానీ ఒకటి మాత్రం తినడం మానేసి మా చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నా వెనక నుంచి, చెల్లెలి వెనక నుంచి, పిల్ల వెనక నుంచి. మూడు చుట్లు తిరిగేసరికి మేము ముగ్గురం ఒకరికొకరు ఆనుకుని నిలబడి ఉన్నాం. ఎప్పుడు జరిగామో మాకే తెలియలేదు. పిల్ల నవ్వింది. మా ఇంటికి వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

“పశువుల్ని తోలే జాతమ్మా ఇది” అంది ఆవిడ. “కాపలాకి కాదు, ముందే చెబుతున్నా. అరుస్తుంది, దొంగ కూడా భయపడేంత గట్టిగా అరుస్తుంది. అంతవరకే. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ దీనికి మందే. ఎవరన్నా పరిగెత్తితే మడమ పట్టుకుంటుంది. మొదట్లోనే మాన్పించండి. పిల్లల ఇంట్లో ఆ అలవాటు ఉంచకూడదు. తెలివి ఎక్కువ దీనికి. ఏం నేర్పితే అది నేర్చుకుంటుంది, మంచైనా చెడైనా.”

“ఇంత పొట్టిది ఏం చేస్తుంది వాణ్ని?” అన్నాను.

“వాణ్నెవర్నో నాకు తెలీదు. మీ పాపకి తోడుంటుంది.”

పిల్ల అప్పటికే కింద కూర్చుంది. ఆ నక్క మొహం దాని ఒళ్లో ఉంది. నా పప్పులు ఉడకవని అర్థమైంది. ఇంటికి తెచ్చుకున్నాం. ఊరికే గుండ్రంగా తిరుగుతుంది కదా అని పిల్లే దానికి బొంగరం అని పేరు పెట్టింది.

ఆ తర్వాతి రెండు నెలలు నా బతుకులో మంచి రోజులు. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పిల్ల గోడకి వీపు ఆనించడం మానేసింది. కొట్టులోకొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని హోంవర్కు చేసుకునేది. “పెద్దమ్మా, నీ చేతులు ఇనుములా ఉన్నాయి” అని నా వేళ్లు పట్టుకుని చూసేది. బొంగరం మమ్మల్ని ముగ్గుర్నీ లెక్క చూసుకునేది. చెల్లెలు పైన, నేను కింద ఉంటే దానికి మనశ్శాంతి ఉండదు, మెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, ఆ పొట్టి కాళ్లతో చచ్చేది. పిల్ల పెరట్లో పరిగెత్తితే మడమ మీద చిన్న కాటు. నెత్తురు రాదు, చురుక్కుమంటుంది. చెల్లెలు మాన్పించాలని చూసేది. గదమాయించి, కూర్చోబెట్టి, నిదానంగా. నాలుగు వారాల్లో చాలావరకు మానేసింది కూడా.

దాన్ని చెడగొట్టింది నేను.

ఒక సంత రోజు వ్యానులోంచి దించుతుంటే ఒక ముదురు పొట్టేలు తాడు తెంపుకుంది. నన్ను తొడ మీద కుమ్మింది. కిందపడ్డాను, కళ్లు బైర్లు కమ్మాయి. అది సందులోకి దూరి, కోత గది దాటి, నేరుగా కొట్టులోకి పోయి అద్దాల పెట్టెని పొడిచి ముక్కలు చేసింది. గాజు పెంకు తగిలి ఒక ముసలాయన కాలు తెగింది. నేను కుంటుకుంటూ లేచేసరికి బొంగరం నా పక్కనుంచి దూసుకెళ్లింది. ఎవరూ చెప్పలేదు దానికి. పొట్టేలు వెనక్కి చేరి, మడమ కొరికి, తన్నితే నేలకి అంటుకుని, మళ్లీ లేచి కొరికి, ఆ కొండంత జంతువుని కొట్టులోంచి సందులోకి, సందులోంచి కోత గదిలోకి నెట్టుకొచ్చింది. నేను తలుపు మూశాను. తొడ నొప్పి మరిచిపోయి నవ్వాను. పొట్టేలు మెడ కోసి, పొట్ట తెరిచి, వేడి వేడి లివరు ముక్క ఒకటి కోసి దానికి పడేశాను. “శభాష్” అన్నాను. అది ఆ ముక్క నాకి నాకి తింది.

ఆ రోజు నుంచి దాన్ని పనిలో పెట్టాను. వారానికి రెండు పొద్దులు. పెరట్లోంచి వచ్చిందేదైనా సందులో కోత గది దగ్గర ఆగాలి. కొట్టు వైపు ఒక్క అడుగు వేసిందంటే మడమ పట్టి తిప్పాలి. లోపలికి పోగానే తలుపు ముందు కూర్చోవాలి. నేను లివరు ముక్క ఇస్తాను. నాలుగు సంతలు తిరిగేసరికి పని వెన్నతో పెట్టిన విద్యలా వచ్చేసింది. ముప్ఫై గొర్రెల్ని పావుగంటలో తోలేది. గొర్రెలు వాటి చావు వాసన పసిగట్టి కాళ్లు తన్నిపెట్టి నిలబడతాయి, ఇదివరకు నేను చెవులు పట్టి ఈడ్చేదాన్ని. ఇప్పుడు నేను కత్తి పట్టుకుని ఊరికే నిలబడితే చాలు, చావు తనంతట తనే నడిచొచ్చేది.

“అక్కా, మనం కుక్కని పిల్ల కోసం కదా తెచ్చుకున్నాం” అంది చెల్లెలు ఒక రోజు. బొంగరం మూతికి ఎండిన నెత్తురు తడిగుడ్డతో తుడుస్తూ అడిగింది. “మళ్లీ మడమలు పట్టుకుంటోంది. నిన్న పిల్లకి గీరుకుపోయింది.”

“పని చేసే జంతువు పని చేస్తుంది. కూర్చోబెట్టి మేపమంటావా?”

“ఆవిడ చెప్పింది కదక్కా, ఏం నేర్పితే...”

“ఆవిడ సంగతి నాకు చెప్పకు. నీ మొగుడు నిన్ను తన్నినన్నాళ్లూ నోరెత్తలేదు, నా మీద మాత్రం లేస్తుందేం నోరు?”

అది తల వంచుకుంది. ఆ మాట అన్నందుకు ఆ రోజు నాకు బాధ కలగలేదు. ఇప్పుడు కలుగుతోంది, ఇప్పుడు కలిగి ఎవరికి లాభం.

వాడు వచ్చింది ఒక సాయంత్రం. నాలుగింటికి. సంత రోజు కాదు. పెరట్లో ఒక్క గొర్రె లేదు. నేను కొట్టులో ఎవరికో ఎముకలు కొడుతున్నాను. చెల్లెలు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. పిల్ల బడి నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా గుంజ దగ్గర కూర్చుని బొంగరం చెవులు దువ్వుతోంది. లోపల ఏం జరిగిందో నాకు చెల్లెలు చెప్పింది, తర్వాత పిల్ల ముక్కలు ముక్కలుగా చెప్పింది. నేను చూసినట్టే చెబుతాను, ఎందుకంటే రోజూ చూస్తున్నాను.

గేటు చేసినవాడికి గేటు సంగతి తెలియదా? గడియ జోలికే పోలేదు. కింది నుంచి గునపం పెట్టి లేపాడు. గేటు గేటంతా బందుల్లోంచి పైకి లేచి పక్కకి ఒరిగింది. చెల్లెలు చూసేసరికి లోపలున్నాడు. అరవబోయింది. గునపం మొద్దు వైపుతో మూతి మీద కొట్టాడు. ఈసారి పళ్లతో పోలేదు, దవడ విరిగింది. అది సబ్బునీళ్లలో పడి, అరవడానికి నోరు స్వాధీనంలో లేక, చేతులతో నేల మీద బాదుతూ పిల్లకి సైగ చేసింది. పరిగెత్తు.

పిల్ల పరిగెత్తింది. తెలివైన పిల్ల. గేటు వైపు వాడున్నాడు కాబట్టి సందులోకి పరిగెత్తింది. సందు చివర కొట్టు, కొట్టులో నేను. పాతికడుగులు.

పది అడుగులు పోయేసరికి బొంగరం దాన్ని దాటి ముందుకెళ్లి, తిరిగి, మడమ పట్టుకుంది.

పిల్ల పడింది. లేచింది. కొట్టు వైపే పరిగెత్తింది. మళ్లీ మడమ. ఈసారి గట్టిగా. గొర్రె మొండికేస్తే ఎంత గట్టిగా పట్టాలో నేను నేర్పినంత గట్టిగా. “బొంగరం, నేనే, నేనే” అని ఏడ్చిందట. దానికి ఎవరైతే ఏం? సందులో పెరటి వైపు నుంచి పరిగెత్తుతూ వచ్చిందేదైనా కొట్టులోకి పోకూడదు. వెనక వాడు గునపం గోడకి రాసుకుంటూ వస్తున్నాడు. ఎడమ చేతి వైపు తలుపు తెరిచి ఉంది. పిల్లకి వేరే దారి లేదు. కోత గదిలోకి వెళ్లింది. వాడు వెనకే వెళ్లి తలుపు మూశాడు.

కొట్టులో నాకు బొంగరం అరుపులు వినబడ్డాయి. తోలేటప్పటి అరుపులు, పొట్టిగా, వెంటవెంటనే. నా ఎదురుగా ఉన్నాయన, “ఏంటండీ ఆ గోల?” అన్నాడు. నేను కత్తి ఎత్తి దించుతూ, “మా కుక్కండీ, పని చేస్తోంది” అన్నాను. గొప్పగా అన్నాను. ఇంకో నాలుగు ఎముకలు కొట్టాను. కవరులో వేశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ రోజు గొర్రెలు లేవని.

చేతిలో ఎముకలు కొట్టే కత్తి అలాగే ఉంది. సందులోకి వెళ్లాను. నేల మీద నెత్తుటి చుక్కలు, చిన్న చిన్నవి. మూసిన తలుపు ముందు బొంగరం బుద్ధిగా కూర్చుని ఉంది. నన్ను చూసి ఒళ్లంతా ఊపింది. నా చేతి వైపు చూస్తూ నాలుక చప్పరించింది, ముక్క కోసం. లోపల్నుంచి పిల్ల అరుపు వినబడింది.

తలుపు తన్నాను. వాడు పిల్ల చెయ్యి వెనక్కి మెలిపెట్టి పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఉండకూడని వైపు వంగి ఉంది. వాడు ఏడుస్తున్నాడు. “మన ఇంటికి పోదాం రా తల్లీ, నాన్న ఏమీ అనడు రా” అంటున్నాడు. అంటూనే ఇంకా మెలిపెడుతున్నాడు. నన్ను చూసి గునపం విసిరాడు. పక్కటెముకల్లో తగిలింది, లోపల ఏదో పటుక్కుమంది. నాకు నొప్పి తెలియలేదు. వాడి చెయ్యి పిల్ల భుజం మీద ఉంది. ఆ చేతిని లాగి మొద్దు మీదకి ఈడ్చి కత్తి దించాను.

మూడు వేళ్లు. ఎముక తెగిన చప్పుడు నాకు అలవాటైనదే. అరుపు మాత్రం కొత్త.

అక్కడితో ఆపి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. వాడు కింద పడ్డాడు. పిల్ల వాడి పట్టులోంచి జారి మూలకి పోయింది. పని అయిపోయింది. నాకు అయిపోలేదు. కత్తి తిప్పి వెనకవైపుతో వాడి మోకాలి చిప్ప మీద కొట్టాను. ఒకసారి కాదు. రెండో మోకాలు. చెప్పు కాలితో మొహం మీద తొక్కాను, ముక్కు చితికిన మెత్తదనం అరికాలికి తెలిసింది. మా చెల్లెలి పళ్లు గుర్తొచ్చాయి, వాడి పళ్లు కూడా చూసుకున్నాను. మురుగు కాలవలో వాడి నెత్తురు గొర్రెల నెత్తురులాగే పోయింది. ఒళ్లు తెలియని కోపం అంటారు కానీ, అబద్ధం. నాకు అంతా తెలుస్తూనే ఉంది. హాయిగా ఉంది. ఎన్నేళ్ల నుంచో ఎత్తిన చెయ్యి దించినట్టుంది.

వెనక నుంచి ఎవరో నా భుజం పట్టి లాగారు. విదిలించి కొట్టాను. చెల్లెలు. దవడ వేలాడుతుండగా పాక్కుంటూ వచ్చింది నన్ను ఆపడానికి. నా మోచెయ్యి దాని మొహానికి తగిలి, తల వెళ్లి గోడకి కొట్టుకుంది. నేను దానికేసి కూడా చూడలేదు. “ఇక వీడు ఎవరి చెయ్యీ మెలిపెట్టడు” అన్నాను. నవ్వాననుకుంటాను. మూల నుంచి పిల్ల చూస్తోంది.

వాణ్ని ఆస్పత్రికి, అక్కణ్నుంచి జైలుకి తీసుకెళ్లారు. వేళ్ల గురించి పోలీసులు పెద్దగా అడగలేదు. మోకాళ్ల గురించి మాత్రం ఒక లేడీ ఇన్‌స్పెక్టరు మూడుసార్లు అడిగింది. “కింద పడ్డాక ఎన్నిసార్లు కొట్టారు?” నేను గుర్తులేదన్నాను. తొమ్మిది సార్లు. కేసు నడుస్తోంది, నేను జామీను మీద ఉన్నాను.

చెల్లెలి దవడకి తీగలు వేశారు. పిల్ల చేతికి పిండికట్టు. రెండు మడమల మీదా కలిపి పదకొండు పంటి గాట్లు. మందు రాస్తూ నేనే లెక్కపెట్టాను. నేను రాస్తున్నంతసేపూ పిల్ల మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చునేది. మంట పుడుతోందేమో అనుకున్నాను. చెల్లెలు రాస్తే మాత్రం పట్టె పట్టుకునేది కాదు.

కొట్టులోకి రావడం మానేసింది. నేను మెట్లెక్కుతున్న చప్పుడుకి పై గదిలో మాటలు ఆగిపోయేవి. భయం ఇంకా పోలేదులే, కాస్త సమయం పడుతుంది అనుకున్నాను. నన్ను దహించింది వేరే. ఆ కుక్క. పిల్లని వాడి చేతికి అప్పగించిన కుక్క పిల్ల కాళ్ల దగ్గరే పడుకునేది, పిల్ల దాన్ని తోసెయ్యదు సరికదా, బాగున్న చేత్తో వీపు నిమిరేది. ఆ గాట్ల పక్కనే దాని మూతి. అన్నం సహించేది కాదు నాకు.

మూడో వారంలో ఒక పొద్దున తాడు మెడకి వేసి దాన్ని కిందకి తీసుకొచ్చాను. పనికి పోతున్నాననుకుని నాకంటే ముందు ఉరికింది. కోత గదిలో మొద్దుకి కట్టాను. గొంతు కోసే సన్న కత్తి తీసి నూరాను. రెండు నిమిషాల పని. పిల్లకి పారిపోయిందని చెబుదామనుకున్నాను.

“పెద్దమ్మా.”

గుమ్మంలో పిల్ల. ఆ రోజు తర్వాత అది మళ్లీ ఈ సందులో అడుగుపెట్టింది అప్పుడే. వట్టి కాళ్లతో ఉంది.

“పైకి పో.”

“దాన్నేం చేస్తున్నావు?”

“నిన్ను వాడి దగ్గరికి తోలింది. ఇలాంటిది ఇంట్లో ఉండకూడదు. పైకి పో, చెప్తే వినాలి.”

“అది నువ్వు నేర్పిందే చేసింది” అంది. తిట్టినట్టు కాదు. పాఠం అప్పజెప్పినట్టు. “దానికి తెలీదు. నీకు తెలుసు.”

నాకు కోపం తన్నుకొచ్చింది. నిజం మాటకి వచ్చే కోపం కంటే పాడు కోపం లేదు. “పొమ్మన్నానా” అని అరిచి చెయ్యి ఎత్తాను. కొట్టడానికి కాదు. నా మీద ఒట్టు, మెట్ల వైపు చూపించడానికి. ఆ చేతిలో కత్తి ఉందన్న సంగతే నాకు తట్టలేదు.

పిల్ల పరిగెత్తలేదు. పిండికట్టు చెయ్యి తల మీద పెట్టుకుని, గోడకి వీపు ఆనించి, కళ్లు మూసుకుంది. దెబ్బ పడేదాకా ఊపిరి బిగబట్టడం ఎలాగో బాగా తెలిసినదానిలా నిలబడింది. బొంగరం తాడు బిగిసేదాకా దాని వైపు ఈడ్చుకుంటోంది.

నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. దించితే అది ఇంకా వణుకుతుందేమో అని దించడానికి భయమేసింది. ఒక మనిషిని చూసి నేను భయపడటం అదే మొదటిసారి, ఆ మనిషికి ఎనిమిదేళ్లు.

“కొట్టనే పిట్టా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “నిన్ను నేను కొడతానా?”

కళ్లు తెరిచింది. చిన్నగా అడిగింది.

“మేం వెళ్లేటప్పుడు బొంగరాన్ని తీసుకెళ్లొచ్చా?”

“ఎక్కడికి వెళ్లేటప్పుడు?”

“అమ్మ చెప్పొద్దంది.”

“ఎప్పుడు?”

కింది పెదవి కొరుక్కుంది. చెప్పకూడదని తెలుసు, చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. “నువ్వు సంతకి వెళ్లిన రోజు” అంది.

నా పక్కటెముకలు ఇంకా అతుక్కోలేదు. అక్కడ చెయ్యి పెట్టుకున్నాను. రేపే సంత.

“తీసుకెళ్లు” అన్నాను. మొద్దు దగ్గరికి పోయి తాడు విప్పాను, కొస పిల్ల వైపు చాపాను. అది కదల్లేదు. తాడు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది, మళ్లీ కిందకి చూసింది. ఎందుకు రావడం లేదో నాకు తెలియలేదు. “రా, పట్టుకో” అన్నాను. రాలేదు. అది దేనికేసి చూస్తోందో అప్పుడు చూసుకున్నాను. వంగి కత్తి నేల మీద పెట్టి, కాలితో దూరంగా తోసి, రెండడుగులు వెనక్కి వేశాను.

అప్పుడు వచ్చి తాడు అందుకుంది.